ప్రాచీన సముద్రజీవులు – చిత్రకారుని బాధ్యత

(మన సంఘ సమావేశమున విద్యార్థులను, వారి తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగపాఠము)

 

మనలో అనేకుల యిండ్లలో, పూజామందిరమున, తాతముత్తాతలనాటి సాలగ్రామము గలదు. గండకీనదిలో లభించు ఆ నల్లని శిలలలో చక్రములవలె కనబడు గుర్తులు, ఒకప్పుడు సముద్రమున జీవించిన అమ్మొనైట్ అను ప్రాణి గుల్ల గుర్తులే. హిమాలయములు తలయెత్తక పూర్వము అచ్చట సముద్రముండెను. భక్తునకు అది భగవత్స్వరూపము. భూగర్భశాస్త్రజ్ఞునకు అది సముద్రచరిత్రలో నొక పుట. ఈ రెండు దృష్టులకు వైరము లేదని మా విశ్వాసము.

తమిళనాట స్థిరపడిన మనవారు అంతదూరము పోనక్కరలేదు. తిరుచిరాపల్లికి చేరువనున్న అరియలూరు ప్రాంతపు రాళ్లలో అమ్మొనైట్లు విస్తారముగ గలవు. 1860 దశకమున ఫెర్డినాండ్ స్టోలిచ్కా వాటిని సచిత్రముగ వర్ణించెను. ఆ ప్రాంతముననే దొరకిన కొన్ని వెన్నుపూసలు ఇక్తియోసారస్ అను సముద్రసరీసృపమువని 1879లో రిచర్డ్ లిడెక్కర్ ప్రకటించెను. మన బిడ్డలు నడయాడు నేలక్రింద అట్టి సముద్రము నిద్రించుచున్నది.

అయితే, వెన్నుపూసలను చూచి జంతువును గీయుట యెట్లు? నేటి మా ప్రసంగమునకు ఇదియే విషయము.

ఈ విద్యకు పుట్టినిల్లు ఇంగ్లండులోని లైమ్ రీజిస్ అను చిన్న రేవుపట్టణము. అచ్చట 1799లో మేరీ ఆనింగ్ జన్మించెను. తండ్రి కొయ్యపనివాడు, 1810లో అప్పులు మిగిల్చి మరణించెను. ఆ కుటుంబము సముద్రపుటొడ్డున విరిగిపడు కొండచరియలలో శిలాజములను ఏరి, అమ్మి, జీవించెను. 1811లో అన్న జోసెఫ్ ఇక్తియోసారస్ తలను కనుగొనగా, మరుసటియేట మిగిలిన దేహమును మేరీ కనుగొనెను. అప్పటికామె పండ్రెండు పదుమూడేండ్ల బాలిక. 1823లో ఆమెయే పొడవుమెడ గల ప్లీసియోసారస్ సంపూర్ణాస్థిపంజరమును వెలికితీసెను. అంత పొడవైన మెడ యుండునా యని ఫ్రాన్సు దేశపు మహాపండితుడు కువియే మొదట శంకించి, పిదప అంగీకరించెను. 1824లో పండితసభలో దానిని వర్ణించిన కోనిబేర్ ఆమె పేరైనను ఎత్తలేదు. ఆ సభ స్త్రీలకు సభ్యత్వమిచ్చినది 1919లో మాత్రమే!

ఆమె స్నేహితుడైన హెన్రీ డి లా బెష్ 1830లో ఒక నీటిరంగుల చిత్రమును రచించెను. దాని పేరు ‘దురియా ఆంటిక్వియర్’. అనగా ‘మరింత ప్రాచీనమైన డార్సెట్’. అందు ఇక్తియోసారస్ ప్లీసియోసారస్ మెడను కొరుకుచుండును, పైన ఎగురు సరీసృపములు, క్రింద అమ్మొనైట్లు. శిలాజముల ఆధారమున ఒక గతించిన లోకమును సజీవముగ చూపిన తొలిచిత్రముగ దీనిని పేర్కొందురు. దాని రాతియచ్చు ప్రతులను అమ్మగా వచ్చిన ధనమును మేరీకి అందజేసిరి. ఒక చిత్రము పేదరాలైన విదుషికి అన్నము పెట్టినది.

ఇక, పొరపాట్లను గూర్చి చెప్పెదము. 1854లో లండనునగరపు క్రిస్టల్ ప్యాలెస్ ఉద్యానమున వాటర్‌హౌస్ హాకిన్స్ ఈ జంతువుల ప్రతిమలను నిర్మించెను. అవి నేటికిని నిలిచియున్నవి. అందలి ఇక్తియోసారస్‌లు మొసళ్లవలె ఒడ్డున విశ్రమించును. వీపుమీద రెక్క లేదు. చంద్రవంకవంటి తోక లేదు. తోకచివర వెన్నెముక క్రిందికి వంగియుండుట అస్థిపంజరములలో కనబడుచునేయుండెను. కాని అది మరణానంతరము జరిగిన స్థానభ్రంశమని రిచర్డ్ ఓవెన్ తలచెను. 1890 దశకమున జర్మనీలోని హోల్ట్‌స్మాడెన్ గ్రామమున దొరకిన పలకరాళ్లలో ఎముకలచుట్టు చర్మపు నీడ సైతము నిలిచియుండుటచే సందేహము తీరినది. ఆ వంపు తోకరెక్క దిగువభాగమునకు ఆధారము. పైభాగమున ఎముక లేదు. వీపురెక్కకును ఎముక లేదు. గర్భమున పిల్లలున్న దేహములుకూడ దొరకుటచే, ఇవి తాబేళ్లవలె ఒడ్డునకు వచ్చి గ్రుడ్లు పెట్టక, నీటియందే ప్రసవించెనని తేలినది.

ఇరువురు అమెరికను పండితుల తప్పులను పోల్చి చూడుడు. 1868లో ఎడ్వర్డ్ కోప్ ఎలాస్మోసారస్ అస్థిపంజరమును కూర్చుచు, తలను తోకచివర నమర్చెను! 1870లో జోసెఫ్ లైడీ ఆ తప్పును చూపగా, కోప్ అచ్చయిన ప్రతులను వెనుకకు తెప్పించుకొన యత్నించెను. శామ్యూల్ విలిస్టన్ అనునాతడు 1898లో మోససారస్ శ్వాసనాళపు మృదులాస్థి వలయములను వీపుమీది కుచ్చుగా భ్రమించెను; కాని 1902లో తానే సవరించుకొనెను. అయినను ఆ కుచ్చు చిత్రములలో ఎన్నియో యేండ్లు జీవించియుండెను. గ్రంథములో సవరణ సులభము. కన్నులలో నాటుకొన్న రూపమును తొలగించుట కష్టము.

చిత్రకారుడు చేయవలసిన పని యేమి? మొదట ఎముకలను కొలిచి, అవి బ్రదికియున్ననాడు అమరియున్న తీరున అమర్చవలెను. కండరములు పట్టుకొన్న గరుకుచోట్లను వెదకవలెను. పిదప సొరచేప, డాల్ఫిన్, తాబేలు మొదలగు నేటి ప్రాణులతో సరిచూడవలెను. పండ్లు ఆహారమును చెప్పును. కడుపులో మిగిలినవి దానిని ధ్రువపరచును. రంగు ఎన్నటికి తెలియదని మేము చదువుకొన్నాము. కాని 2018లో ప్రకటింపబడిన పరిశోధనలో, సుమారు 18 కోట్ల యేండ్లనాటి స్టెనోప్టెరిజియస్ అను ఇక్తియోసారస్ చర్మమున కొవ్వుపొర జాడయు, వీపు ముదురుగను పొట్ట లేతగను ఉండెననుటకు సాక్ష్యమును లభించెను. అయినను, అమ్మొనైట్‌కు చేతులెన్నియో యింతవరకు తేలలేదు. చిత్రములలోని చేతులన్నియు ఊహలే.

మా తప్పునుకూడ దాచరాదు. మేము పిల్లల తెలుగు తరగతి గోడకై ఒక పటము గీసితిమి. పాతపుస్తకముల ననుసరించి ప్లీసియోసారస్ మెడను హంస మెడవలె నీటిపైకెత్తి చూపితిమి. ఒక బాలిక దానిని చాలసేపు చూచి, “మాస్టారూ, మెడ ఇలా వంగుతుందని ఎముకల్లో ఉందా, మీరు అనుకున్నారా?” అని యడిగెను. మేము తడబడితిమి. ఇంటికి పోయి వెదుకగా, ఆ మెడపూసలు అట్టి వంపునకు అనుకూలింపవని తెలిసినది. మరునాడు తరగతిలో ఆ సంగతి చెప్పి, పటమును దించివైచితిమి. క్రొత్తపటములో ఎముకలనుబట్టి తెలిసిన రేఖలను నల్లసిరాతోను, ఊహించిన రేఖలను చుక్కలతోను గీసితిమి. ఆ బాలికయే చుక్కలను లెక్కించి, “ఊహే ఎక్కువుంది” అనెను. నిజమే!

మిత్రులారా, మన వంశచరిత్రలును ఇట్టివే. ఒక యింటిపేరు, చినిగిన దస్తావేజు, అమ్మమ్మ చెప్పిన నాలుగు మాటలు: మనకు దక్కిన ఎముకలు ఇంతియే. ఏ యూరినుండి వచ్చితిమి, ఎందుకు వచ్చితిమి యని పిల్లలు అడుగుదురు. మిగిలినదానిని మనము పూరించి చెప్పుదుము. పూరించుట తప్పు కాదు. పూరింపకున్న కథ నిలువదు. కాని ఏది దస్తావేజున నున్నదో, ఏది మన యూహయో వారికి విడదీసి చెప్పవలెను. అట్లు చెప్పినచో, రేపు క్రొత్త ఆధారము దొరకినప్పుడు వారు పెద్దలను అనుమానింపక చిత్రమును సవరించుకొందురు.

వీలైన కుటుంబములవారు సెలవుదినములలో పిల్లలను దగ్గరి వస్తుప్రదర్శనశాలకు తీసికొనిపోయి, శిలాజములను చూపి, ఒక కాగితము, పెన్సిలు ఇచ్చి గీయింపుడు. చుక్కలరేఖలను మరువవద్దని చెప్పుడు.