కర్మాగారములలో మరమ్మతుల లెక్క

యంత్రము నోరులేనిది. నిన్నటి రాత్రి తనకేమి జరిగినదో, ఎవరే మర విప్పిరో, ఏ భాగమును తాత్కాలికముగా బిగించి విడిచిరో అది చెప్పజాలదు. చెప్పవలసినవాడు దానిపై చేయివేసిన మనిషి. అతడు షిఫ్టు ముగించుకొని ఇంటికి పోవును. ఆ సంగతియు అతనితోనే పోవును. వెనుక వచ్చినవాడు దాని నెరుగక మీట నొక్కును. ఈ ఎడమును పూరించుటయే మరమ్మతుల నిర్వహణకు వాడు కంప్యూటరు సాఫ్ట్‌వేరు చేయవలసిన మొదటి పని. దాని నెట్లు ఎంచుకొనవలెను, ఎంచుకొన్న పిమ్మట ఎట్లు అమలునకు తేవలెను అనునది నేటి ప్రసంగ విషయము.

మొదట నొక దృష్టాంతము. స్కాట్లండులోని అబర్డీను రేవునకు ఈశాన్యముగా, ఉత్తర సముద్రమున, పైపర్ ఆల్ఫా అను చమురు వేదిక యుండెడిది. దానిపై, వాయువునుండి వేరుపడిన ద్రవమును గొట్టములలోనికి నెట్టుటకు రెండు పంపు లుండెను. 1988వ సంవత్సరము జూలై 6వ తేదీ పగటి షిఫ్టులో, మొదటి పంపునకు చెందిన సేఫ్టీ వాల్వును పరీక్షకై విప్పి, ఆ చోట నొక ఇనుప బిళ్లను బిగించిరి. సాయంకాలమునకు పని ముగియలేదు. వాల్వు పనికి ఒక పర్మిట్టు కాగితమును, అదే పంపునకు జరుగవలసియున్న పెద్ద మరమ్మతునకు వేరొక పర్మిట్టు కాగితమును ఉండెను.

రాత్రి 10 గంటలు కావచ్చుచుండగా రెండవ పంపు ఆగిపోయి మరల నడువదయ్యెను. రాత్రి షిఫ్టువారు మొదటి పంపు సంగతి విచారించిరి. పెద్ద మరమ్మతు కాగితము మాత్రమే వారికి తెలియవచ్చెను. ఆ పని యింకను ప్రారంభమే కాలేదు. వాల్వు విప్పిన సంగతి తెలుపు కాగితము వారి దృష్టికి రాలేదు. ఆ వాల్వు పంపు ప్రక్కనే గాక ఎగువన దూరముగా నుండుటచే కంటికిని కనబడలేదు. వారు మొదటి పంపును నడిపిరి. గట్టిగా బిగియని ఆ బిళ్ల వద్ద వాయువు వెలికి చిమ్మి ప్రేలినది. 167 మంది ప్రాణములు కోల్పోయిరి. ఈ దుర్ఘటనను విచారించిన లార్డ్ కలెన్ 1990లో 106 సిఫార్సులతో నివేదిక సమర్పించి, పర్మిట్టుల పద్ధతియందును, షిఫ్టు మారునపుడు సమాచార మందించుటయందును గల లోపములను విశదపరచెను.

ఇచట గమనింపవలసినది, కాగితము లేకపోలేదు. రెండు కాగితములును ఉండెను. వానిని కలుపు సూత్రము లేకపోయెను. కనుక సాఫ్ట్‌వేరు అమ్మవచ్చిన వానిని మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న యిది: “ఒక పంపు పేరు కొట్టిన యెడల, ఆ పంపునకును, దాని మోటారునకును, వాల్వులకును, స్విచ్చి బోర్డునకును సంబంధించి ముగియక నిలిచియున్న పనులన్నియు ఒకేచోట కనబడునా?” రంగురంగుల పటములు చూపి, ఈ ప్రశ్నకు నీళ్లు నమలువాని సరుకు మనకు పనికిరాదు.

రెండవ పరీక్ష మేనేజరు గదిలో జరుగునది కాదు. రాత్రి షిఫ్టులో, చేతికి గ్రీజు అంటియున్న ఫిట్టరునకు ఫోను నిచ్చి, తాను చేసిన పనిని వ్రాయుమనవలెను. రెండు నిమిషములలో వ్రాయగలిగెనా, అది మన సరుకే. ఇరువది గడులు నింపిన గాని ముందునకు సాగనీయని దయ్యెనా, అతడు రెండు దినములు వ్రాసి మూడవనాడు మానును. తెలుగున వ్రాయుటకు వీలున్నదా, ఇంటర్నెట్టు అందని మూలలందు కూడ పని నమోదు చేసి పిదప పంపవచ్చునా అనునవియు ఈ సందర్భమున చూడవలసినవే. మూడవ పరీక్ష: ఆ కంపెనీతో మనకు చెల్లినయెడల, మన యంత్రముల చరిత్ర యంతయు మన చేతికి తిరిగి వచ్చునా? పదేండ్ల లెక్కలు ఇతరుల పెట్టెలో పెట్టి తాళపుచెవి వారికే యిచ్చుట వివేకము కాదు.

పెద్దపేరు గలదే మంచిదను భ్రమ కూడదు. 1985లో వెలువడి, 2006లో ఐబీఎం కంపెనీ వశమైన మాక్సిమో వంటివి మహాపరిశ్రమలకు తగినవి. నలువది మోటారులు గల బియ్యపు మిల్లునకు అంతటి ఏనుగును కట్టివేయుట యెందులకు? కొన్న ధర యొక్కటే ఖర్చు కాదు. దానికి మేత పెట్టుట, అనగా వివరము లెక్కించుట, మనుష్యులకు నేర్పుట, అసలు ఖర్చు.

ఇక అమలు సంగతి. దీనికి మొదటి మెట్టు నామకరణము. ఒకే పంపు నక్షాలో ఒక సంఖ్య, స్టోరు పుస్తకములో ఒక పేరు, పనివారి నోట మరియొక పేరు కలిగియుండుట సర్వసామాన్యము. ఇట్టి స్థితిలో కంప్యూటరు ఒక పంపును మూడు పంపులుగా లెక్కించును. కనుక ప్రతి యంత్రమునకు ఒకే సంఖ్య నిచ్చి, దానిని యంత్రముపై పెయింటుతో వ్రాయవలెను. మరియొక మెలకువ గలదు. యంత్రము వేరు, అది కూర్చుండు చోటు వేరు. కాలిపోయిన మోటారును విప్పి, చుట్టించి, వేరొక చోట బిగింతుము. దాని చరిత్ర దాని వెంట పోవలెను. అట్లే, ఏ మోటారు పెట్టినను ఒకే చోట మాటిమాటికి కాలుచున్నచో దోషము మోటారులో గాక ఆ చోటులోనే యున్నదని తెలియవలెను. ఈ రెంటికిని వేరువేరు సంఖ్యలు లేనియెడల ఈ రహస్యము ఎన్నటికిని బయటపడదు.

రెండవ మెట్టు, కొద్దిగా ప్రారంభించుట. కర్మాగారమంతటిని ఒకేనాడు కంప్యూటరు కెక్కింప బూనినవారు ఏడాదికిని ముగింపలేరు. చక్కెర ఫ్యాక్టరీని తీసికొందము. చెరకు ఆడు కాలమున ఎవరికిని తీరిక యుండదు. గానుగ ఆగిన పిమ్మట యంత్రములు విప్పియుండు నెలలలో, బాయిలరు విభాగము నొక్కదానిని చేపట్టి, యంత్రముల పట్టికయు, బేరింగుల సంఖ్యలును, స్టోరులోని విడిభాగములును సరిచూచి యెక్కించిన, తరువాతి ఆటకు ఆ యొక్క విభాగమైనను నిక్కముగా నడచును. చెడుటకు కారణములు వ్రాయు పట్టికయు చిన్నదిగా నుండవలెను. నూరు కారణము లిచ్చిన యెడల ఎల్లరును “ఇతరములు” అను దానినే ఎంచుకొందురు.

మూడవది, విప్పుటయందలి అత్యుత్సాహమును అణచుకొనుట. రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషు తీరరక్షక విమానదళమున పనిచేసిన శాస్త్రజ్ఞుడు సి. హెచ్. వాడింగ్టన్, అచటి పరిశోధనలను గూర్చి వ్రాసి 1973లో ప్రకటింపబడిన గ్రంథమున ఒక వింత తెలిపెను. ప్రతి 50 గంటల ప్రయాణమునకు విమానములను విప్పి తనిఖీ చేయుచుండిరి. తనిఖీ జరిగిన వెంటనే అనుకోని చెడుగులు హెచ్చి, దినములు గడచినకొలది తగ్గుచుండెను. బాగున్న దానిని కదలించుటయే చెడుటకు కారణమగుచుండెనన్నమాట. 1978లో నోలన్, హీప్ అను అమెరికా నిపుణులు విమానభాగములను గూర్చి వ్రాసిన నివేదికలోను, వయస్సు ముదిరినందున చెడు లక్షణము 11 శాతము భాగములందే కనబడినదని తేలెను. తక్కినవానికి గడువు పెట్టి విప్పుటవలన మేలు కలుగలేదు.

కావున కంపెనీవారి పుస్తకములోని గడువు లన్నిటిని కన్నుమూసికొని కంప్యూటరులో నింపరాదు. చట్టము విధించిన పరీక్షలను, ప్రాణరక్షణకు సంబంధించినవానిని ఒక్కటియు విడువక ముందుగా నెక్కింపవలెను. గ్రీజు, నూనె, శుభ్రత యెట్లును తప్పవు. తక్కినవానిని మన యంత్రముల చరిత్ర చూచుకొనుచు కలుపుటయో, తీసివేయుటయో చేయవలెను. సాఫ్ట్‌వేరు వలన కలుగు నిజమైన లాభ మిదియే.

కడపటిది అన్నిటికంటె ముఖ్యము. ఈ లెక్కలలో నిజము వ్రాయువాడు పనివాడు. “బోల్టు విరిగినది, కొత్తది లేదు, పాతదే బిగించితిని” అని అతడు వ్రాసినపుడు, మరునాడు స్టోరునుండి బోల్టు వచ్చినచో మరల నిజమే వ్రాయును. సంజాయిషీ నోటీసు వచ్చినచో ఇక ఎన్నడును వ్రాయడు. అటుపిమ్మట ప్రతి నెలయు పనులన్నియు నూటికి నూరు పూర్తియైనట్లు కనబడును. నూనె వేయని బేరింగునకు నూనె వేసినట్లు గుర్తు పడును. అట్టి అబద్ధపు లెక్కకంటె లెక్క లేకుండుటయే మేలు. లెక్క లేనిచోట మనిషి పోయి కంటితో చూచును. అబద్ధపు లెక్క యున్నచోట నమ్మి మీట నొక్కును.

ఈ పద్ధతి మీ కర్మాగారమున వేరూనినదో లేదో తెలిసికొనుటకు నివేదికలు తిరుగవేయ నక్కరలేదు. ఆరు నెలల పిమ్మట, యంత్రమును విప్పబోవు ఫిట్టరు ఎవరును చెప్పకయే దాని పూర్వచరిత్రను తీసి చదువుచున్నాడేమో చూడుడు. చదువుచున్నయెడల మీ సొమ్ము దక్కినది. చదువకున్నయెడల, అందు తనకు పనికివచ్చు మాట యేల లేదో అతనినే అడుగుడు. అతడు చెప్పిన దానిని బట్టి పద్ధతిని దిద్దుకొనుడని మనవి చేయుచు, ఇంతటితో విరమించుచున్నాను.