కొండ మీద నీళ్లు, మైదానంలో దీపాలు



థింసా ఆడే సభలో కరెంటు గురించి మాట్లాడుతున్నామేమిటా అనుకోకండి. మన కొండలకూ దేశాభివృద్ధికీ మధ్య ఉన్న లెక్క అందులోనే ఉంది.

1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. అదే నది దిగువకు వచ్చి సీలేరు అవుతుంది. దాని మీద ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు కేంద్రాలు వచ్చాయి. ఒక్క దిగువ సీలేరు సామర్థ్యమే 460 మెగావాట్లు. ఆ కరెంటుతో మైదానంలో మిల్లులు తిరిగాయి, పంపుసెట్లు నడిచాయి. దాన్ని మేం తప్పుపట్టం. బడికీ, ఆసుపత్రికీ, టీకా మందు దాచే ఫ్రిజ్‌కీ కరెంటు కావాల్సిందే. కానీ తీగలు మన కొండల మీదుగా పోతున్నా, కింద ఎన్నో గూడేల్లో ఏళ్ల తరబడి కిరసనాయిలు బుడ్డే వెలిగింది. ఎదుగుదల ఒకచోట, దాని ఖర్చు మరోచోట. వర్ధమాన దేశాలు చాలావాటిలో ఇదే జరిగింది.

కొత్త టెక్నాలజీ వస్తే అంతా సర్దుకుంటుందంటారు. కొంత నిజమే. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుగును ఇప్పుడు 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తోంది. అయితే ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో నడవడం మొదలయ్యాక బ్రిటన్‌లో బొగ్గు వాడకం తగ్గలేదు, పెరిగిందని 1865లోనే జెవాన్స్ అనే ఆర్థికవేత్త రాశాడు. చౌకైనకొద్దీ వాడకం పెరుగుతుంది. కాబట్టి యంత్రం ఒక్కటే అడవిని కాపాడదు. ఎంత వాడాలి, ఎవరి కోసం అన్నది మనుషులే తేల్చాలి.

2070 నాటికి నికర కర్బన ఉద్గారాలు సున్నా చేస్తామని మన దేశం 2021లో గ్లాస్గోలో ప్రకటించింది. మంచి మాటే. కానీ ఎండ పగలే ఉంటుంది, కరెంటు రాత్రీ కావాలి. అందుకే పగటి మిగులు కరెంటుతో నీటిని కొండపైకి తోడి, రాత్రి కిందికి వదిలే పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు మన కొండల వైపు చూస్తున్నాయి. తోడడానికి పట్టే కరెంటు కంటే తిరిగొచ్చేది తక్కువ. అది కరెంటును దాచే గాదె, పండించే పొలం కాదు. పొగ రాదు, నిజమే. కానీ పైన ఒక జలాశయం, కింద ఒక జలాశయం కావాలి. ఆ నేల ఎవరిది? ఆ గెడ్డ నీటితో పండే పొలాలు ఎవరివి?

అలా అడిగే హక్కు మనకుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. అడవి మీద మన హక్కును 2006 చట్టం గుర్తించింది. 2013లో ఒడిశాలోని నియమగిరిలో 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. అక్కడ తవ్వకం ఆగింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చదువుకున్నది మీరు. ప్రాజెక్టు కాగితం వస్తే ముందు మీరు చదవండి. గ్రామసభలో మన భాషలో తాతలకు, అవ్వలకు విప్పి చెప్పండి. ఎంత భూమి పోతుంది, ఏ గెడ్డ ఆగుతుంది, మన ఊరికి ఎంత కరెంటు వస్తుంది, ఉద్యోగాలు ఎన్నేళ్లు ఉంటాయి అని అడగండి. జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా ఎవరిచేతా వేలిముద్ర వేయనివ్వకండి.

అభివృద్ధి వద్దని మేం అనడం లేదు. మమ్మల్ని అడిగి చేయమంటున్నాం, అందులో మా వాటా ఇవ్వమంటున్నాం.