ఏం తిన్నావు కాదు, ఎవరితో తిన్నావు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నువ్వు డాక్టరువి కదా, ఆరోగ్యం గురించి కాసేపు మాట్లాడు, భోజనాలకు ముందు నీ ప్రసంగమే" అన్నారు. భోజనాల ముందు డాక్టరు మైకు పట్టుకుంటే అందరికీ గుబులే. నూనె తగ్గించండి, తీపి మానండి అంటారని! ఈరోజు ఆ మాటలు చెప్పను. తిండి విషయంలో జాగ్రత్త శ్రుతి మించితే ఏమవుతుందో చెబుతాను. మనలో చాలామంది పిల్లలు, కొందరి మనవలు ఇప్పుడు యూనివర్సిటీల్లో చదువుతున్నారు. ఇది వాళ్ల వయసులో ఎక్కువగా మొదలయ్యే ఇబ్బంది.

నేను పనిచేసే విద్యార్థుల క్లినిక్కుకు ఎమ్మెస్సీ చదివే ఒక అమ్మాయి వచ్చింది. ఎవరో తెలియకుండా వివరాలు కొంత మార్చి చెబుతున్నాను. కళ్లు తిరుగుతున్నాయంది. నాడి చూస్తే నిమిషానికి 46. నాలుగు నెలలుగా నెలసరి లేదు. మొదట చక్కెర మానేసింది. మంచిదే. తర్వాత వేపుళ్లు మానేసింది. అదీ మంచిదే. ఆ తర్వాత మెస్‌లో కూర, ఆపైన అన్నం, పాలు, చివరికి తన కళ్లముందు వండనిదేదైనా సరే మానేసింది. గదిలోనే చిన్న కుక్కర్‌లో ఉడికించుకునేది. స్నేహితులతో కలిసి కూర్చుని తినడం ఆగిపోయింది. అరిసెలు తినమంటారని సంక్రాంతికి ఇంటికి కూడా వెళ్లలేదు. పక్కనే ఉన్న తల్లి మాత్రం, "మా అమ్మాయికి క్రమశిక్షణ ఎక్కువండీ, బయట టీ చుక్క కూడా ముట్టదు" అని గర్వంగా చెప్పింది.

ఈ జబ్బుతో వచ్చిన చిక్కంతా ఆ గర్వంలోనే ఉంది. తాగుడు మొదలుపెట్టిన పిల్లవాడిని ఇంట్లో అందరూ తిడతారు. ఈ పిల్లలను అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకున్నకొద్దీ వాళ్లు ఇంకొకటి మానేస్తారు.

దీనికి 1997లో స్టీవెన్ బ్రాట్‌మన్ అనే అమెరికన్ డాక్టరు ఆర్థొరెక్సియా అని పేరు పెట్టాడు. గ్రీకులో ఆర్థోస్ అంటే సరైనది, ఒరెక్సిస్ అంటే ఆకలి. ఆయన కూడా ఒకప్పుడు ఒక కమ్యూన్‌లో వంట చేస్తూ, శుద్ధమైన ఆహారం అనే పట్టుదలలో కూరుకుపోయి బయటపడినవాడే. అనొరెక్సియా రోగికి బరువు భయం, ఎంత తిన్నానన్న లెక్క. ఇక్కడ తిన్నది ఎంత శుద్ధమన్న లెక్క. అయితే ఒకటి రెండోదానిలోకి జారిపోవడమూ ఉంటుంది. అమెరికా మానసిక వైద్యులు 2013లో వెలువరించిన డీఎస్‌ఎం-5లో దీనికి ప్రత్యేక వ్యాధిగా చోటు దక్కలేదు. ఎంతమందికి ఉందన్న లెక్కలకూ పొంతన లేదు. కొన్ని ప్రశ్నావళులు శ్రద్ధగా తినే మామూలు మనిషిని కూడా రోగుల్లో కలిపేస్తాయి. పుస్తకంలో పేరు ఉన్నా లేకపోయినా, రక్తహీనత, బి12 లోపం, ఎముకల బలహీనత మాత్రం నిజంగానే వస్తాయి.

చదువుకునే పిల్లలకే ఎందుకు? ఇల్లు వదిలి మొదటిసారి తమ తిండి తామే నిర్ణయించుకునే వయసు. పరీక్ష ఎలా పోతుందో, ఉద్యోగం వస్తుందో రాదో, వీసా ఏమవుతుందో తెలియదు. తన చేతిలో ఉన్నది ఒక్క కంచమే. దానిమీద పట్టు బిగిస్తే మనసుకు కాస్త నెమ్మది. పైగా ఫోన్ తెరిస్తే ఒకరు బియ్యం విషమంటారు, ఇంకొకరు పాలు విషమంటారు. అన్నీ నమ్మితే మిగిలేది మంచినీళ్లే.

"మా మామ్మ మడి కట్టుకునేది, ఏకాదశి ఉండేది, అదీ జబ్బేనా?" అని మీరు అడగవచ్చు. కాదు. ఏకాదశికి ద్వాదశి పారణ ఉంది. రంజాన్ ఉపవాసానికి ఇఫ్తార్ ఉంది. ఆ నియమాలు పదిమందితో కలిసి పాటించేవి, ఒక రోజున ముగిసేవి. ఈ నియమానికి పారణ లేదు. రోజురోజుకూ పెరుగుతుంది, మనిషిని ఒంటరిని చేస్తుంది. షుగరు ఉన్నవారి పత్యమూ, శాకాహారమూ కూడా ఈ కోవలోకి రావు.

గుర్తుపట్టడానికి నాలుగు ప్రశ్నలు చాలు. తినబోయేదాని గురించిన ఆలోచన చదువును కూడా పక్కకు నెడుతోందా? నియమం తప్పిన రోజున తనను తాను శిక్షించుకుంటున్నారా? పెళ్లిళ్లు, పండగలు, స్నేహితుల పుట్టినరోజులు తప్పించుకుంటున్నారా? మానేసిన వస్తువుల జాబితా పెరగడమే గానీ తగ్గడం లేదా? అవునన్న జవాబులు ఎక్కువైతే ఆలస్యం చేయకండి.

అప్పుడు చేయవలసినవి చెబుతాను. చియా గింజల మీద, నెయ్యి మీద వాదనకు దిగవద్దు. ఆ వాదనలో వాళ్లే గెలుస్తారు, మనకంటే ఎక్కువ చదివి ఉంటారు. "నీరసంగా ఉంటున్నావు, ఒంటరిగా ఉంటున్నావు, నాకు దిగులుగా ఉంది" అనండి. డాక్టరుకు చూపించి రక్తపరీక్షలు చేయించండి. బాగా చిక్కిపోయినవారికి ఒక్కసారిగా బలవంతంగా పెట్టడం ప్రమాదం. డాక్టరు చెప్పినట్టు మెల్లగా పెంచాలి. మానసిక వైద్యులు, డైటీషియన్ ఇద్దరి సాయమూ కావాలి. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఏది సరైన తిండి అని పిల్లలు అడిగితే హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మాట చెప్పండి. 1918లో కూనూరులో పుట్టి 1958లో మన దగ్గరికి వచ్చిన సంస్థ అది. 2024లో 17 సూచనలు వెలువరించింది. వాటిలో మొదటిది, రకరకాల ఆహారం తినమని. కండల కోసం ప్రోటీన్ పౌడర్లు వద్దని కూడా చెప్పింది. అన్నం, పప్పు, ఆకుకూర, పెరుగు, ఇష్టమైతే గుడ్డు, చేప. అందులో భయపడవలసింది ఏమీ లేదు.

గురువులకు ఒక మనవి. తరగతిలో ఎవరైనా హఠాత్తుగా చిక్కిపోతే, "భలే సన్నబడ్డావే" అని అభినందించకండి. పక్కకు పిలిచి ఒంట్లో ఎలా ఉందని అడగండి. మాస్టారు అడిగితే చెప్పే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు.

మిగతా అందరికీ ఒకే మాట. ఈ రాత్రి పిల్లలకు ఫోన్ చేసినప్పుడు "ఏం తిన్నావు?" అని ఎలాగూ అడుగుతారు. దాంతోపాటు "ఎవరితో తిన్నావు?" అని కూడా అడగండి. వారాల తరబడి "నేనొక్కదాన్నే", "నేనొక్కడినే" అన్న జవాబే వస్తుంటే, టికెట్ తీసుకుని ఒకసారి వెళ్లి చూసి రండి.

పులిహోర చల్లారిపోతోందని వంటవారు సైగ చేస్తున్నారు. అందరం కలిసి తిందాం. సెలవు.