ముక్కల బొమ్మ

(ఖరగ్‌పూర్ తెలుగు ఉద్యోగుల కుటుంబ సమావేశమున చదువబడిన ప్రసంగ పాఠము)



ఒక అట్టపెట్టె. దానిలో ఐదువందలో, వేయియో చిన్న అట్టముక్కలు. పెట్టె మూతపై ఒక బొమ్మ. ముక్కలన్నిటిని బల్లపై కుమ్మరించి, ఒక్కొక్కదానిని దాని పొరుగుముక్కతో జతపరచి, మూతపైనున్న బొమ్మను బల్లపైకి రప్పించుటయే ఆట. ఇంగ్లీషువారు దీనిని జిగ్‌సా పజిల్ అందురు. ముక్కల బొమ్మ యన్నచో తెలుగు పిల్లలకు సులభముగా తెలియును. ఇందులో పందెము లేదు. పాచికలవలె అదృష్టముతో పని లేదు. చదరంగమువలె ఎదిరిపక్షము లేదు. అయినను భోజనమునకు పిలిచిన పిలుపు వినబడనంతగా మనుష్యుని కట్టివేయు శక్తి దీనికి కలదు. ఆ శక్తి యెక్కడిది? ముఖ్యముగా, అనేకములైన చిన్న బొమ్మలను అంటించి కూర్చిన కొలాజ్ అను అతుకుల చిత్రమును ముక్కలుగా కోసినపుడు, దానిని కలుపువారి మనస్సులో పాతసంగతులు ఏల మెదలును? ఈ ప్రసంగమున విచారింపదలచినది ఇదియే.

ఈ ఆట పాఠము చెప్పుటకై పుట్టినది. 1760వ దశకమున లండను నగరములో జాన్ స్పిల్స్‌బరీ అను పటముల శిల్పి భూపటమును పలుచని చెక్కపలకపై అంటించి, దేశముల సరిహద్దుల వెంట రంపముతో కోసి, పిల్లలకు భూగోళము నేర్పుటకై అమ్మెను. చాలకాలము చెక్కతోనే చేయబడుటవలన ఇది కలవారి ఆటగానే యుండెను. 20వ శతాబ్ది ఆరంభమున పెద్దలును దీనికి మరిగిరి. 1909లో అమెరికాలోని పార్కర్ బ్రదర్స్ అను ఆటవస్తువుల సంస్థ తన కర్మాగారము నంతటిని కొంతకాలము ఈ పజిళ్లకే వినియోగించినది. పిమ్మట అట్టను అచ్చుకత్తితో ఒక్క నొక్కున కోయు పద్ధతి వచ్చి వెల తగ్గెను. 1929 తరువాతి ఆర్థికమాంద్యములో పనులు లేక ఇండ్లలో కూర్చున్న జనము దీనిని చేపట్టిరి. 1933 ఆరంభమున అమెరికాలో వారమునకు కోటి పజిళ్లు అమ్ముడైనవని చరిత్రకారుల లెక్క. కొనలేనివారు గ్రంథాలయముల నుండి పుస్తకమును తెచ్చుకొన్నట్లు అరువు తెచ్చుకొనిరి. బ్రతుకు చెదరిన కాలమున, చేతిలోని చిన్నముక్కల నైనను ఒక క్రమమునకు తెచ్చుట మనుష్యునకు ఎంతటి ఓదార్పో దీనివలన తెలియుచున్నది.

ఇక కొలాజ్. అంటించుట యను అర్థముగల ఫ్రెంచి మాటనుండి ఈ పేరు వచ్చినది. 1912లో పికాసో, బ్రాక్ అను చిత్రకారులు వార్తాపత్రికల ముక్కలను, గోడకాగితములను చిత్రములపై అంటించి ఈ పద్ధతికి కళాలోకములో స్థానము కల్పించిరి. కాని తెలుగు ఇల్లాండ్రకు ఇది క్రొత్త విద్య కాదు. బొంత కుట్టుట ఎరిగినవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. బొంత కప్పుకొన్న పిల్లవాడు "ఇది అమ్మమ్మ చీర, ఇది పిన్ని పరికిణీ" యని వేలుపెట్టి చూపును. బొంతకు సంస్కృతమున కంథ యని పేరు. వంగదేశములో ఆ మాటయే కాంథాయై, పాతచీరల పొరలపై వేయు కుట్టుపనికి పేరుగా ప్రసిద్ధి గాంచినది. ఖరగ్‌పూర్‌లోని తెలుగు ఇల్లాలును, ఆమె పొరుగింటి బెంగాలీ ఇల్లాలును దగ్గర చుట్టరికముగల విద్యను రెండు పేర్లతో ఎరుగుదురు.

సాధారణమైన ముక్కల బొమ్మలో ఒక కొండ, ఒక కొలను, పైన విశాలమైన ఆకాశము ఉండును. ఆకాశపు ముక్కలన్నియు నీలముగనే యుండును. అక్కడ కన్నుకు పని తక్కువ, ఓపికకు పని యెక్కువ. అతుకుల చిత్రము అట్లు కాదు. దానిలో అగ్గిపెట్టె బొమ్మలు, తపాలాబిళ్లలు, సినిమా ప్రకటనలు, పాతపత్రికల ముఖచిత్రములు ప్రక్కప్రక్కనే యుండును. ప్రతి ముక్కపైనను ఏదో ఒక గురుతు: సగము అక్షరము, పులి తోక, దేవుని చేతిలోని శంఖము. ఆట తెలిసినవారు ముందుగా తిన్నని అంచుగల ముక్కలను ఏరి నాలుగు ప్రక్కల చట్రము కట్టుదురు. పిమ్మట రంగునుబట్టియు, అక్షరముల తీరునుబట్టియు కుప్పలు పోయుదురు. అంతలో పసుపుపచ్చని రంగుపై నల్లని గీతగల ముక్క యొకటి చేతికి వచ్చును. చూచినవాడు తటాలున "ఇది ఫలానా డబ్బా మూత" యనును. ఎట్లు తెలిసినదని అడిగిన చెప్పలేడు. డబ్బా పేరు నోటికి రాకమునుపే, అది యుండిన వంటింటి గూడు, దానిని అందుకొనుటకు ఎక్కిన పీట జ్ఞప్తికి వచ్చును. ఆకారము చేతికి దారి చూపగా, జ్ఞాపకము కంటికి దారి చూపును. రెండును కలిసి ముక్క తన చోట కూర్చున్నప్పటి తృప్తియే ఈ ఆటలోని ఆనందము.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు 1932లో జ్ఞాపకమును గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. జ్ఞాపకము పెట్టెలో దాచిన వస్తువువలె చెక్కుచెదరక యుండదనియు, గుర్తు తెచ్చుకొనుట యనగా మిగిలిన ముక్కలతో ప్రతిసారియు క్రొత్తగా కట్టుకొనుటయే యనియు ఆయన సిద్ధాంతము. ఒక్కరు కట్టుకొన్న జ్ఞాపకములో తప్పులు దొరలును. బల్లచుట్టు నలుగురు కూర్చున్నచో ఒకరి తప్పును మరియొకరు దిద్దుదురు. ఒంటరిగా ఆడినపుడు కాలక్షేపమైన ఈ ఆట, కుటుంబముతో ఆడినపుడు ఆ ఇంటి చరిత్ర యగుచున్నది.

ఈ మాట ఖరగ్‌పూర్‌నకు మిక్కిలి వర్తించును. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే 19వ శతాబ్ది చివర ఇక్కడ జంక్షనును నెలకొల్పి, 20వ శతాబ్ది తొలి దశకమున కర్మాగారమును కట్టినది. ఉత్తరకోస్తా జిల్లాల నుండి తెలుగువారు కర్మాగారములోను, లైనుపైనను, ఆఫీసులలోను పనులకు వచ్చిరి. బెంగాలీలు, ఒడియాలు, బీహారీలు, పంజాబీలు, తమిళులు, ఆంగ్లో ఇండియనులు వారికి ఇరుగుపొరుగులైరి. 1944లో ఆ రైల్వే ప్రభుత్వపరమై, 1952లో తూర్పు రైల్వేలో కలిసి, 1955 ఆగస్టు 1 నుండి ఆగ్నేయ రైల్వేగా వేరుపడినది. ఈ ఊరి ప్లాట్‌ఫారము పొడవు 1,072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్, పిమ్మట 2023లో హుబ్బళ్ళి దానిని మించినవి. అంతకుముందు ప్రపంచములో అతి పొడవైనదిగా పిల్లల పుస్తకములలో ఈ ఊరి పేరే యుండెడిది. అట్టి పుస్తకములోని ఒక పుటయు అతుకుల చిత్రములో చేర్పదగినదే.

ఇక్కడి తెలుగు ఇంటిలో పాత రేకుపెట్టె తెరచినచో మరేమి కనబడవచ్చునో యోచింపుడు. మొదట ఒక అట్ట టిక్కెట్టు. ఇంగ్లాండులో థామస్ ఎడ్మండ్‌సన్ అను స్టేషనుమాస్టరు 1830వ దశకమున కనిపెట్టిన పద్ధతి యది. రెండుంబావు అంగుళముల పొడవు, అంగుళమునకు కొంచెము మించిన వెడల్పు, వరుససంఖ్య, కొసన తేదీ నొక్కు. కంప్యూటరు టిక్కెట్లు దానిని మరుగుపరచినవి. దానిపై చికాకోల్ రోడ్ అని యుండవచ్చును. ఆమదాలవలసలోని నేటి శ్రీకాకుళం రోడ్ స్టేషనే యది.

దాని క్రింద అమృతాంజనము కాగితము. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో స్థాపించిన సంస్థ యది. ఆ సంపాదనతోనే వారు 1908లో బొంబాయి నుండియే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. స్వస్థలమునకు దూరమున నుండి తెలుగుపత్రిక నడపిన ఆ మహనీయుని కథ ఖరగ్‌పూర్ తెలుగువారికి దగ్గరి కథయే. ఆపైన చందమామ ముఖచిత్రము. 1947 జులైలో పుట్టిన ఆ పత్రికకు శ్రీకాకుళమున జన్మించిన వడ్డాది పాపయ్యగారు ఎన్నియో ముఖచిత్రములు వేసిరి. అడుగున అగ్గిపెట్టె బొమ్మ. శివకాశికి చెందిన అయ్య నాడారు, షణ్ముగ నాడారు 1920వ దశకము తొలినాళ్లలో కలకత్తాకు వచ్చి ఆ పని నేర్చి, తమ యూరిలో ఆ పరిశ్రమను నెలకొల్పిరి. కనుక శివకాశి అగ్గిపెట్టెకును వంగదేశముతో చుట్టరికము కలదు.

పాత ఉత్తరములపైని చిరునామాలు మరియొక విచిత్రము. పార్వతీపురము నుండి వచ్చిన కుటుంబము నొకదానిని తలచుకొనుడు. ముత్తాతది విశాఖపట్టణం జిల్లా. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడగా తాత ఆ జిల్లావాడయ్యెను. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడగా తండ్రి ఆ జిల్లావాడయ్యెను. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడగా మనుమడు దాని పేరు వ్రాయుచున్నాడు. ఆ ఊరు మొదట మద్రాసు రాష్ట్రము లోనిది. 1953 నుండి ఆంధ్రరాష్ట్రములోను, 1956 నుండి ఆంధ్రప్రదేశములోను చేరినది. ఊరు కదలలేదు; దాని చుట్టు గీతలు మారినవి. ఆ నాలుగు చిరునామాలను ప్రక్కప్రక్కన అంటించినచో స్పిల్స్‌బరీ పటమువలె పిల్లలకు భూగోళమును, చరిత్రను కూడ నేర్పును.

అయితే ఈ కాగితములు ఎంతకాలము నిలుచును? పదవీవిరమణ చేసిన ఉద్యోగి గడువులోపల క్వార్టరు ఖాళీ చేయవలెను. అట్టి యింటిలో ఆ చివరిదినమును ఊహింపుడు. మంచములు, బీరువా, కుట్టుమిషను లారీకెక్కినవి. రేకుపెట్టె దగ్గరకు వచ్చుసరికి కుమారుడు "ఈ కాగితాలన్నీ ఎందుకు నాన్నగారూ, తూకానికి ఇచ్చేద్దాము" అనును. తండ్రి మారుపలుకడు. ఇంతలో మనుమరాలు పెట్టెలోనుండి ఒక అట్టముక్క తీయును.

"తాతయ్యా, ఇదేమిటి?"

"మీ నాయనమ్మ కాపురానికి వచ్చిన టిక్కెట్టమ్మా. అప్పటికింకా నా పాసులో ఆవిడ పేరు ఎక్కలేదు. అందుకని డబ్బులు పెట్టి కొన్నాను."

"గేటు దగ్గర ఇచ్చెయ్యలేదా మరి?"

"కలెక్టరు మనకు తెలిసినవాడే. అడిగి దాచుకొన్నాను."

కుమారునకు కూడ ఆ సంగతి అంతవరకు తెలియదు. ఆ టిక్కెట్టు కంట పడకున్నచో ఎన్నడును తెలిసియుండదు. తూకమునకు పోవునది కాగితము మాత్రమే కాదు. దానిని చూచినపుడే పైకి వచ్చు మాటయు దానితోనే పోవును.

ఇందులో అక్షరము సంగతియు కలదు. ఇక్కడి పిల్లలలో పలువురు తెలుగు చక్కగా మాటలాడుదురు గాని, చదువుట బెంగాలీలోనో, హిందీలోనో, ఇంగ్లీషులోనో. తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నొసగుటకు 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము అంగీకరించినది. అది గౌరవమే, అక్షరములు దిద్దించుట మాత్రము ఇంటిపని. దానికి ముక్కల బొమ్మ చక్కని ఉపాయము. తెలుగు అక్షరమే ముక్కల కూర్పు: తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు. పెద్ద అక్షరములుగల పత్రిక పేరును అడ్డముగా కోసినచో గుడి యొక ముక్కలోను, వత్తు మరొక ముక్కలోను పడును. వత్తు క్రింద ఉండవలెనని, గుడి పైన ఉండవలెనని పిల్లవాడు చేతితో వెదకి తెలిసికొనును. అట్లు నేర్చినది సులభముగా మరువడు.

ఇట్టి బొమ్మను ఇంటనే చేయవచ్చును. అసలు కాగితములను ఎన్నడును కోయరాదు. వానికి రంగుల నకళ్లు తీయించవలెను. 420 మిల్లీమీటర్ల పొడవు, 297 మిల్లీమీటర్ల వెడల్పుగల ఏ-త్రీ కాగితముపై వానిని ఎక్కడను ఖాళీ లేకుండ అంటించవలెను. దానిని దళసరి అట్టపైగాని, మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌పైగాని ఉడికించిన మైదాజిగురుతో అతికి, బరువు పెట్టి రాత్రంతయు ఆరనీయవలెను. పొడవున 14, వెడల్పున 10 వరుసలుగా గీసినచో 140 ముక్కలు వచ్చును. ఒక్కొక్కటి ఇంచుమించు 30 మిల్లీమీటర్ల చదరము. అట్టకు పదునైన కత్తి చాలును. ప్లైవుడ్‌కు సన్నని రంపము వలయును. కర్మాగారమున చేతులు తీరిన పెద్దలకు అదేమంత పని? ముక్కలను కొంచెము వంకరగా కోసినచో జత కలియుట ఇంపుగా నుండును. పెట్టె మూత లోపల ఏ కాగితము ఎవరిదో, ఏ సంవత్సరమునాటిదో పెద్దలచేత తెలుగులో వ్రాయించవలెను. అన్నిటికంటె ముఖ్యమైన పని ఇదియే.

ఏలయనగా, బొమ్మ ముక్క యొకటి పోయినచో దానిని మరల చేయవచ్చును. నకలు ఉన్నది గదా. ఫోటోలో ఎడమప్రక్క నిలుచున్నవారు ఎవరో చెప్పగల అవ్వ పోయినచో ఆ ఖాళీని పూడ్చువారు లేరు. కావున రాబోవు సెలవులలో ఒక సాయంకాలము రేకుపెట్టెను తెరువుడు. తాతగారిని, నాయనమ్మగారిని బల్లకు దగ్గరగా కూర్చుండబెట్టి, పిల్లలను వారికి ఇరుప్రక్కల చేర్చుడు. ముక్కలు కలుపుట పిల్లల వంతు. ముక్కల కథ చెప్పుట పెద్దల వంతు. బొమ్మ ఆ రాత్రికి పూర్తి కాకపోయినను చింత లేదు. బల్లను కదపక, దానిపై ఒక దుప్పటి కప్పి, మరునాడు మరల కూర్చుండవచ్చును.

శుభమస్తు.