నమూనా విమానం నేర్పిన కొలత

(ప్లాటినం జూబిలీ విజ్ఞాన ప్రదర్శన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రదర్శనశాలలో కిటికీ ప్రక్కన ఉన్న బల్లపై ఒక చిన్న యుద్ధ విమానం నిలిచి ఉన్నది. దాని కుడి రెక్కకు బూడిద రంగు వేసి ఉన్నది. ఎడమ రెక్క మాత్రం ఇంకా తెల్లని అట్టగానే ఉన్నది. చూసినవారిలో పలువురు పని పూర్తి కాలేదని భావించి ముందుకు సాగిపోయారు. ఆ తెల్ల రెక్క వెనుక ఉన్న కథను ఈ సభకు తెలియజేయడం అవసరం.

దానిని నిర్మించినది గుడియాత్తం నుండి ప్రతిదినం బస్సులో వేలూరు బడికి వచ్చే తొమ్మిదో తరగతి బాలుడు. తండ్రి చేనేత కార్మికుడు. బాలుడు ఎన్నుకున్నది తేజస్ అనే తేలికపాటి యుద్ధ విమానాన్ని. ఈ పథకానికి కేంద్ర ప్రభుత్వం 1983లో అనుమతినిచ్చింది. రూపకల్పన కోసం 1984లో బెంగళూరులో ప్రత్యేక సంస్థ ఏర్పడింది. బరంపురంలో జన్మించిన డాక్టర్ కోట హరినారాయణగారు పథక సంచాలకులుగా దానిని నడిపించారు. అనంతరం వారు హైదరాబాదు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా కూడ పనిచేశారు. 2001 జనవరి 4న వింగ్ కమాండర్ రాజీవ్ కోథియాల్ నడుపగా ఆ విమానం మొదటిసారి గాలిలోకి లేచి, 18 నిమిషాల తరువాత క్షేమంగా దిగింది. అనుమతికీ ఆ 18 నిమిషాలకూ నడుమ పదిహేడేళ్ళ ఓర్పు ఉన్నది.

ఆ పదిహేడేళ్ళలో శాస్త్రజ్ఞులు కూడ నమూనాలు చేశారు. బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాలలో 1967 నుండి 1.2 మీటర్ల గాలి సొరంగం పనిచేస్తున్నది. అసలు విమానం ఎగరకముందే దాని చిన్న నమూనాను అందులో నిలిపి, వేగంగా గాలిని పంపి, ఆ గాలి రెక్కలపై ఎంత బలం చూపుతున్నదో కొలిచారు. నమూనా ఆకారంలో పొరపాటుంటే ఆ లెక్కలన్నీ పొరపాటే. కనుక నమూనా అంటే ఆటవస్తువు కాదు. అసలు వస్తువును గురించి అది చెప్పే సాక్ష్యం.

బాలుడు 24వ వంతు ప్రమాణాన్ని తీసుకున్నాడు. తేజస్ పొడవు 13.2 మీటర్లు; నమూనా పొడవు 55 సెంటీమీటర్లు. రెక్కల వెడల్పు 8.2 మీటర్లు, నమూనాలో సుమారు 34 సెంటీమీటర్లు. పొడవు 24 వంతులు తగ్గితే వైశాల్యం 576 వంతులు, ఘనపరిమాణం 13,824 వంతులు తగ్గుతాయి. 38.4 చదరపు మీటర్ల రెక్క వైశాల్యం ఎ4 కాగితం కంటే కొంచెం పెద్దదైన అట్టముక్కకు సరిపోతుంది. పాఠ్యపుస్తకంలో కంఠస్థం చేసిన సూత్రం ఆనాడు బాలుని చేతికి తగిలింది.

పైనుండి, ప్రక్కనుండి, ముందునుండి చూచినట్లు మూడు చిత్రాలు గీశాడు. విమానపు దేహాన్ని అడ్డంగా కోస్తే ఎక్కడెక్కడ ఏ ఆకారం వస్తుందో లెక్కగట్టి, దళసరి అట్టలో ఆ బిళ్ళలు కత్తిరించి, వెన్నెముకవంటి పొడవాటి అట్టకు వరుసగా గ్రుచ్చాడు. వాటిపై కాగితపు పట్టీలు అతికించి, ఆరిన పిదప గరుకు కాగితంతో రుద్దాడు. తేజస్ రెక్క త్రికోణాకారమే అయినా దాని ముందంచు ఒకే వాలులో సాగదు. దేహం దగ్గర కొంత తక్కువగా, ఆ తరువాత మరింత ఎక్కువగా వెనుకకు వాలుతుంది. తోక వద్ద అడ్డరెక్కలు లేవు. నిలువు తోక ఒక్కటే. ఈ వివరాలన్నీ చిత్రంలో చూచి కాదు, చేత్తో కోసినప్పుడే అతనికి బోధపడ్డాయి.

ప్రదర్శనకు మూడు రోజుల ముందు, కుడి రెక్కకు రంగు వేసిన తరువాత, ఎడమ రెక్క రెండు మిల్లీమీటర్లు వెనుకకు జరిగి ఉన్నట్లు బాలుడు గుర్తించాడు. అసలు విమానంలో అది దాదాపు ఐదు సెంటీమీటర్లు. చూచేవారెవరికీ తెలియదు. కాస్త లప్పం పూసి రంగు వేస్తే సరిపోతుందని అతడు తండ్రితో అన్నాడట. మగ్గం మీదినుండి లేవకుండానే ఆ తండ్రి అన్న మాట ఇది: "పడుగులో ఒక్క పోగు తప్పితే గుడ్డ చివరిదాకా ఆ తప్పు నడుస్తుందిరా. రంగు వేస్తే పోగు సరి అవుతుందా?"

ఆ రాత్రి బాలుడు బ్లేడుతో రెక్కను కోసి తీశాడు. మరల కొలిచి అతికించాడు. రంగు వేసే వ్యవధి మిగలలేదు. నమూనాను లుంగీలో చుట్టి, బస్సులో ఒడిలో పెట్టుకుని వేలూరుకు తెచ్చాడు. ప్రక్కనే తెలుగులో ఒక చీటీ ఉంచాడు: "ఎడమ రెక్క తప్పుగా అతికినందున తీసి తిరిగి అతికించబడినది." దానికి బహుమతి రాలేదు. తీర్పరులు ముగింపు పనికి కూడ మార్కులు వేయవలసి ఉన్నది. అందులో వారి తప్పేమీ లేదు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. నేడు అంగట్లో సిద్ధమైన నమూనాలు దొరుకుతాయి. బిడ్డ మార్కులపై ప్రేమతో వాటిని కొనిచ్చేవారూ ఉన్నారు, రాత్రంతా మేలుకొని తామే చేసిచ్చేవారూ ఉన్నారు. అటువంటి నమూనా అందంగా ఉంటుంది. కాని తన తప్పును తానే కనుగొనే అవకాశం ఆ బిడ్డకు దక్కదు. నేతపని చేసే తండ్రి ఆనాడు బ్లేడు తన చేతికి తీసుకోలేదు. ఒక్క మాట చెప్పి, మరల నేతలో మునిగాడు.

ఉపాధ్యాయులు కూడ ఇకపై ప్రదర్శనలలో ప్రతి నమూనా ప్రక్కన "చేసిన తప్పు, దిద్దిన విధము" అనే చీటీ ఉంచవలసిందిగా కోరితే బాగుంటుంది. దానికీ కొన్ని మార్కులు కేటాయించవచ్చు. సభ ముగిసిన పిదప పెద్దలందరూ ఆ కిటికీ ప్రక్కనున్న బల్ల వద్దకు మరొకసారి వెళ్ళి, ఆ తెల్ల రెక్కను చూడవలసిందిగా ప్రార్థన.

స్వస్తి.