రేడియో స్టేషన్ చూడ్డానికి వెళ్ళేముందు

 

హాస్టల్ పిల్లల్ని మీడియా శిక్షణ సంస్థలకీ, రేడియో కేంద్రాలకీ తీసుకెళ్తున్నారు కదా, దాని గురించి చెప్పండి అన్నారు. మేము హాస్టల్ నడుపుకునేవాళ్ళం. ఉపన్యాసాలు మాకు పెద్దగా రావు. చూసిందీ, తెలుసుకున్నదీ చెబుతాం.

ఒకచోట మా పిల్లల్ని గాజు అద్దం బయట నిలబెట్టారు. లోపల ఒకావిడ మాట్లాడుతున్నారు, ఎర్ర లైటు వెలుగుతోంది. అరగంట చూపించి, బిస్కెట్ ప్యాకెట్లు చేతిలో పెట్టి పంపించారు. మర్యాదకేం లోటు చేయలేదు. కానీ పిల్లలు జూకి వెళ్ళొచ్చినట్టే తిరిగొచ్చారు. ఇంకోచోట శిక్షణ ఇచ్చే మాస్టారు మైకు ముందు కూర్చోబెట్టి, "మీ ఇంట్లో ఎలా మాట్లాడుకుంటారో అలాగే మాట్లాడండి" అన్నారు. మారేడుమిల్లి వైపు నుంచి వచ్చి మా దగ్గర చదువుతున్న కొండరెడ్డి అబ్బాయి కొండచీపుళ్ళు ఎప్పుడు కోస్తారు, ఎలా ఆరబెడతారు, సంతలో ఎంతకి అడుగుతారు అన్నది రెండు నిమిషాలు గడగడా చెప్పేశాడు. తన గొంతు తనకే వినిపిస్తే చెవులు మూసుకున్నాడు! తర్వాత మన ఎరుకల అమ్మాయి వంతు వచ్చింది. "మీ భాషలో చెప్పమ్మా" అంటే, "మా ఇంట్లో తెలుగేనండి" అంది. వాళ్ళింట్లో కుర్రు మాట్లాడతారని మాకు తెలుసు. మేమూ బలవంతం చేయలేదు.

ఆ పిల్ల అబద్ధం ఎందుకు ఆడిందో మీకు వేరే చెప్పక్కర్లేదు. "సోది ఆపు" అనే మాట రోజుకి ఎన్నిసార్లు వింటాం? అందరూ అనేస్తారు, మనవాళ్ళూ అనేస్తారు. మన అమ్మమ్మలు బుట్ట పట్టుకుని ఊరూరా తిరిగి సోది చెప్పి పిల్లల్ని పెంచారు. ఆ పని పేరు ఇప్పుడు పనికిమాలిన మాటకి పేరైంది. ఎరుక అంటే తెలుసుకోవడం. సినిమాలో ఎరుకలసాని వచ్చిందంటే చాలాసార్లు నవ్వించడానికే వస్తుంది. ఆ సీను రాసేచోట మనవాళ్ళు ఒకరు కూర్చుని ఉంటే అలాగే రాసేవారా? (ఆ మాటకొస్తే మన కోనసీమ "ఆయ్, అండీ"లని కూడా సినిమాల్లో నవ్వుకోవడానికే వాడతారు. అది వేరే కథ.)

అందుకే జహీరాబాద్ దగ్గర మాచనూరులో ఉన్న సంఘం రేడియో సంగతి మీకు తప్పకుండా చెప్పాలనుకున్నాం. హైదరాబాద్ నుంచి ముంబై రోడ్డులో దాదాపు వంద కిలోమీటర్లు వెళ్ళాలి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థతో కలిసి పనిచేసే మహిళా సంఘాలదే ఆ స్టేషన్. దాన్ని నడిపి పేరు తెచ్చింది ఇద్దరు దళిత మహిళలు. ఇద్దరూ నర్సమ్మలే! ఒకరిని జనరల్ నర్సమ్మ అనీ, ఇంకొకరిని ఊరి పేరుతో ఆల్గోల్ నర్సమ్మ అనీ పిలుస్తారు. యునెస్కో సాయంతో 1998 నాటికే స్టూడియో వచ్చింది కానీ, ప్రసారానికి అనుమతి రాలేదు. అప్పట్లో మన దేశంలో అలాంటి అనుమతే లేదు. వాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోలేదు. విత్తనాల గురించి, జొన్నలూ కొర్రల గురించి, పండగల గురించి, పాటలతో సహా రికార్డు చేసి, ఆ క్యాసెట్లని సంఘం మీటింగుల్లో టేప్ రికార్డర్ మీద వినిపించారు. అలా పదేళ్ళు. చివరికి 2008 అక్టోబరు 15న గాల్లోకి వెళ్ళారు. వాళ్ళు మాట్లాడేది పుస్తకాల తెలుగు కాదు, తమ ఊళ్ళ తెలుగు. దాన్ని ఎవరూ దిద్దలేదు.

చట్టం సంగతి రెండు ముక్కలు. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. 2002లో విద్యాసంస్థలకి, 2006లో లాభాపేక్ష లేని సంఘాలకి కమ్యూనిటీ రేడియో పెట్టుకునే వీలు వచ్చింది. 2006 విధానం ప్రకారం సంఘం రిజిస్టర్ అయి ఉండాలి, కనీసం మూడేళ్ళు పనిచేసి ఉండాలి, కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికులు పాల్గొని తయారుచేసినవి అయి ఉండాలి. ప్రసార శక్తి మామూలుగా 100 వాట్లు, యాంటెన్నా ఎత్తు 30 మీటర్లు, వీటిని మించకూడదు. సొంతంగా వార్తలు చదవడం కుదరదు. వాతావరణం, పరీక్షలు, కరెంటు, నీళ్ళు, పండగల సమాచారం చెప్పుకోవచ్చు. లంకల్లోకి గోదావరి వచ్చినప్పుడు ఇది చిన్న విషయం కాదు.

మాచనూరు స్టేషన్‌దీ 90.4, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉన్న బోల్ హైదరాబాద్‌దీ 90.4. ఒకే నంబరు రెండు చోట్ల ఎలా అని మా పిల్లలు అడిగారు. ప్రసారం పది, పదిహేను కిలోమీటర్ల చుట్టూనే వినిపిస్తుంది కాబట్టి ఒకదానికొకటి అడ్డు రాదు. అమలాపురంలో టవర్ పెడితే రాజోలు దాకా సరిగ్గా అందకపోవచ్చు. ఆ చిన్నతనమే దాని బలం అని మా అభిప్రాయం. పక్క ఊరివాళ్ళ కోసం మాట్లాడేటప్పుడు గొంతు మార్చుకోనక్కర్లేదు.

స్టేషనే కావాలని కూడా లేదు. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర మొదలైంది. మామూలు ఫోన్‌తో ఒక నంబరుకి ఫోన్ చేసి, గోండీలోనైనా సరే తమ ఊరి సమస్య చెబితే, అది మిగతావాళ్ళకి వినిపించేది. ఆదిలాబాద్ ఆకాశవాణి గోండీ కార్యక్రమాలు ప్రసారం చేసింది. కుర్రులో, కోయలో మనం ఎందుకు మొదలుపెట్టకూడదు?

ఉద్యోగాల కోసం చూసే తమ్ముళ్ళకి ఒక మాట. మీడియా స్కూలుకి వెళ్తే కెమెరా పక్కన సెల్ఫీతో సరిపెట్టుకోకండి. ఆఫీసు గదిలోకి వెళ్ళి ప్రవేశ పరీక్షలో ఏం అడుగుతారో కనుక్కోండి. ఇంగ్లిషు నుంచి తెలుగులోకి అనువాదం చాలాచోట్ల ఉంటుంది, మనవాళ్ళు తడబడేది అక్కడే. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో ఎస్టీలకి 7.5 శాతం సీట్లు ఉన్నాయి. పత్రికలు సొంతంగా నడిపే స్కూళ్ళలో రిజర్వేషన్ మాట ఉండదు, కానీ శిక్షణలో స్టైపెండ్ ఇచ్చేవి ఉన్నాయి. ఫీజు ఎంత, స్టైపెండ్ ఎంత, హాస్టల్ ఉందా? సిగ్గుపడకుండా అడగండి. మన జిల్లా నుంచి ఇంతవరకూ ఎవరైనా చేరారా అని కూడా అడగండి. ఆ జవాబు వింటే మీకే పట్టుదల వస్తుంది.

మైకు ముందు మాట్లాడని ఆ అమ్మాయి సంగతి కూడా చెబుతాం. సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళి, వెదురు చీల్చి బుట్ట అల్లడం గురించి వాళ్ళ అమ్మమ్మ చెప్పిందంతా ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చింది. పదకొండు నిమిషాలు, మొత్తం కుర్రులోనే. మధ్యలో కోడి కూత, ఎవరో బిందె పెట్టిన చప్పుడు. మా పిల్లలు పడుకునేముందు రెండుసార్లు పెట్టించుకుని విన్నారు.

వచ్చే ట్రిప్పుకి పేర్లు ఇచ్చేవాళ్ళు అలాంటిదే ఒక మూడు నిమిషాలది, మీ ఇంటి పెద్దలది, ఫోన్‌లో వేసుకుని రండి. ముందు వాళ్ళని అడిగి, ఒప్పుకుంటేనే రికార్డు చేయండి. మన రికార్డింగ్ అక్కడివాళ్ళు విన్నాక అప్పుడు వాళ్ళ స్టూడియో చూద్దాం.