పుప్పొడి ఒడి

ఆవపూవు పుప్పొడి రేణువును సూక్ష్మదర్శినిలో చూచినచో, దానిపై మూడు నిడుపాటి నొక్కులు కానవచ్చును. వృక్షశాస్త్రజ్ఞులు అట్టి రేణువును ‘ట్రైకోల్పేట్’ అందురు. ‘ట్రై’ యనగా మూడు. ‘కోల్పోస్’ అను గ్రీకు పదమునకు రొమ్ము, రొమ్ముపై వస్త్రపు ముడుత, అఖాతము అను అర్థములు కలవు. ఆంగ్లమున అఖాతమును తెలుపు ‘గల్ఫ్’ అను మాటకును మూలమిదియే.

రేణువు గాలికి ఎండినపుడు ఈ ముడుతలు మూసికొని లోని తడిని కాపాడును. కీలాగ్రమున తడి సోకగా విచ్చుకొనును. వానిలో నొకదానినుండి నాళము వెలువడి అండమును చేరును. అది చేరినగాని గింజ కట్టదు.

ఇట్టి దానిని తెనుగున ‘గాడి’ యన్న చాలదు. గాడి యెప్పుడును తెఱచియే యుండును. కొంగు మడిచి గింజలు దాచుకొను మన స్త్రీల ‘ఒడి’యే కోల్పోసునకు తగిన జోడు. పిల్లలకు ‘మూడు ఒడుల పుప్పొడి’ యని చెప్పినచో, దాని పనియు మాటలోనే తెలియును.